ఆ మైదానం... ఊరందరిదీ!

గోల్ఫ్ అనగానే ఏం గుర్తొస్తుంది? ఎత్తైన గోడ, గేటు దగ్గర కాపలా, లోపల ఖరీదైన కార్లు, సభ్యులకు మాత్రమే ప్రవేశం... గోల్కొండ కోట పక్కనా, విశాఖ తీరంలోనూ గోల్ఫ్ కోర్సులున్నాయని చాలామందికి తెలుసు. లోపలికి వెళ్లి చూసినవాళ్లు మాత్రం తక్కువే. కానీ ఈ ఆట పెరిగి పెద్దదైన స్కాట్లాండ్‌లో కథ వేరు. అక్కడ ప్రపంచంలోనే పేరుమోసిన గోల్ఫ్ కోర్సు ఊరి ఉమ్మడి ఆస్తి! దాన్ని నిలుపుకోవడానికి ఆ ఊరు వందేళ్లు పోరాడింది.

ఆదివారం ఆటకు సెలవు

స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఫైఫ్ అనే ప్రాంతం ఉంది. మూడువైపులా నీళ్లే. ఓవైపు ఉత్తర సముద్రం, మిగిలిన రెండువైపులా నదులు సముద్రంలో కలిసే చోటు. ఆ కొసన ఉన్న చిన్న పట్టణమే సెయింట్ ఆండ్రూస్. 1413 నాటి విశ్వవిద్యాలయం, బూడిదరంగు రాతి ఇళ్లు, కూలిపోయిన పెద్ద చర్చి గోడలు, పక్కనే మూడు కిలోమీటర్ల ఇసుకతీరం. ఆ తీరానికీ ఊరికీ మధ్య పచ్చటి తివాచీ పరిచినట్టుండేదే ‘ఓల్డ్ కోర్స్’.

ఏటా ప్రపంచం నలుమూలల నుంచీ గోల్ఫ్ ప్రియులు దీనికోసమే వస్తారు. మనవాళ్లు కాశీ వెళ్లినట్టు, జీవితంలో ఒక్కసారైనా ఇక్కడ ఆడాలనుకుంటారు. అలాంటి కోర్సులో ఆదివారం మాత్రం ఎవరూ కర్ర పట్టుకోరు. పెద్ద పోటీలున్నప్పుడు తప్ప ఆరోజు ఆటకు సెలవు. ఇక అప్పుడు చూడాలి సందడి... పిల్లలు పరుగులు తీస్తుంటారు. తాతలు కుక్కల్ని తిప్పుతుంటారు. చంటిబిడ్డను తోపుడుబండిలో వేసుకుని తల్లులు నడుస్తుంటారు. టిక్కెట్టు లేదు, అడిగేవాళ్లు లేరు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ కోర్సు బాగోగులు చూసిన ఓల్డ్ టామ్ మోరిస్, ఆడేవాళ్లకు అక్కర్లేకపోయినా నేలకు విశ్రాంతి కావాలనేవాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మిగతా రోజుల్లోనూ ఊరికీ కోర్సుకీ మధ్య గోడ ఉండదు. మొదటి హోల్‌నూ చివరి హోల్‌నూ అడ్డంగా కోస్తూ ఓ పాత దారి సముద్రానికి వెళ్తుంది. ఎవరైనా దాటుతుంటే ఆటగాడు ఎంతటివాడైనా సరే, ఆగాల్సిందే!

పంటకు పనికిరాని నేల

ఇలాంటి తీరప్రాంతపు గోల్ఫ్ మైదానాల్ని ‘లింక్స్’ అంటారు. సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలేసిన ఇసుకదిబ్బల మీద సన్నటి గడ్డి మొలిచి ఏర్పడిన నేల ఇది. ఎగుడుదిగుడుగా ఉంటుంది. దున్నినా పంట పండదు. చెట్టు నిలవదు. ఉప్పుగాలి ఎప్పుడూ ఈడ్చి కొడుతూనే ఉంటుంది. మన ఊళ్లలో పశువుల బీడు ఎలాగో అక్కడ లింక్స్ అలాగ. ఊళ్లోవాళ్లు గొర్రెల్ని తోలుకొచ్చేవారు, బట్టలు ఆరేసుకునేవారు, పొద్దుపోవడానికి కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయేవారు.

ఇసుకనేల కావడంతో ఎంత వాన పడినా నీళ్లు ఇంకిపోతాయి. గొర్రెలూ కుందేళ్లూ గడ్డిని కొరికి కొరికి నున్నగా చేశాయి. గాలి నుంచి తప్పించుకోవడానికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట పడ్డ గుంతలే నేటి ‘బంకర్లు’ అంటారు. అంటే ఓల్డ్ కోర్స్‌ను మొదట గీసింది ఏ ఇంజినీరూ కాదు... గాలీ, గొర్రెలూ!

ఈ ఆట జనాన్ని ఎంతగా పట్టేసిందంటే, విలువిద్య సాధన మానేస్తున్నారని 1457లో స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ కాలంలో పార్లమెంటు గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ నిషేధించింది. జనం వింటేనా! చివరికి 1502లో నాలుగో జేమ్స్ రాజు తనే గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడు.

కుందేళ్లతో యుద్ధం

1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్‌కు ఈ లింక్స్‌లో కుందేళ్లు పెంచుకోవాలనిపించింది. ఊరు సరేనంది. కానీ ఊరికే కాదు. అక్కడ గోల్ఫ్, ఫుట్‌బాల్, విలువిద్య, ఇంకే ఆటైనా ఆడుకునే హక్కు పట్టణవాసులదేనని ఆయన రాసిచ్చాడు. ఆ కాగితమే తర్వాతి తరాలకు ఆయుధమైంది.

1797లో పట్టణ పాలకమండలి అప్పుల్లో కూరుకుపోయి లింక్స్‌ను అమ్మేసింది. చేతులు మారి అది డెంప్‌స్టర్లు అనే వ్యాపారులకు దక్కింది. కుందేళ్ల మాంసం, చర్మాల వ్యాపారం వాళ్లది. వేలాది కుందేళ్లు కోర్సంతా బొరియలు తవ్వేశాయి. బంతి ఎక్కడ కొట్టినా బొరియలోకే! ‘ఆడుకునే హక్కు మాది’ అని ఊరివాళ్లు, ‘కొనుక్కున్న నేల మాది’ అని వ్యాపారులు. కోర్టుకెక్కారు. జనం కుందేళ్లను చంపడం, వ్యాపారుల మనుషులు అడ్డుకోవడం... ఇలా ఏళ్ల తరబడి సాగిన గొడవ లండన్‌లోని ప్రభువుల సభ దాకా వెళ్లింది. 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ నేలను కొని, గోల్ఫ్‌కే వదిలేయడంతో కుందేళ్ల యుద్ధం ముగిసింది.

అయినా నేల ఊరిది కాలేదు. దానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది. 1894లో పార్లమెంటు చట్టంతో లింక్స్ తిరిగి పట్టణం చేతికొచ్చింది. 1974లో మరో చట్టం ద్వారా నిర్వహణ కోసం ప్రత్యేకంగా లింక్స్ ట్రస్టు ఏర్పడింది. ఇప్పుడు ఓల్డ్, న్యూ, జూబిలీ, ఈడెన్, స్ట్రాత్‌టైరమ్, బాల్‌గోవ్, క్యాజిల్ అనే ఏడు కోర్సులు ఈ ట్రస్టు కిందే ఉన్నాయి. ఏడూ ప్రజలవే. అన్నట్టు... ఇందులో ‘న్యూ’ కోర్సు వయసెంతో తెలుసా? 1895లో మొదలైంది!

మొదటి హోల్ వెనక ఠీవిగా నిలబడే రాతి భవనాన్ని చూసి, కోర్సు వాళ్లదే అనుకుంటారు చాలామంది. అది 1754లో పుట్టిన ‘రాయల్ అండ్ ఏన్షియంట్’ క్లబ్బు. ఎంత పేరున్నా కోర్సులో గడ్డిపోచ కూడా దానిది కాదు. దాని సభ్యులూ ఊరి కోర్సులో ఆడుకోవాల్సినవాళ్లే.

నరకం దాటి వంతెన దాకా...

గోల్ఫ్ కోర్సుకు పద్దెనిమిది హోల్సే ఎందుకుండాలి? ఆ లెక్క ఇక్కడిదే. ఒకప్పుడు ఓల్డ్ కోర్స్‌లో ఒక్క ఆటకు ఇరవై రెండు హోల్స్ ఆడేవారు. 1764లో కొన్నింటిని కలిపేసి పద్దెనిమిది చేశారు. నెమ్మదిగా లోకమంతా అదే పాటించింది.

ఊళ్లోంచి మొదలై ఈడెన్ నదీముఖం దాకా వెళ్లి, మళ్లీ ఊళ్లోకి తిరిగి రావడమే ఇక్కడి ఆట. వెళ్లేవాళ్లకూ వచ్చేవాళ్లకూ కలిపి ఒకే ‘గ్రీన్’ మీద రెండు జెండాలు కనిపిస్తాయి. అలాంటి జంట గ్రీన్‌లు ఏడున్నాయి. తమాషా ఏమిటంటే, ఏ జంట నంబర్లు కూడినా పద్దెనిమిదే. రెండూ పదహారూ, మూడూ పదిహేనూ, నాలుగూ పద్నాలుగూ... ఇలాగన్నమాట.

దారిలో 112 బంకర్లు పొంచి ఉంటాయి. ఒక్కోదానికీ ఒక్కో పేరు. పద్నాలుగో హోల్‌లో ఉన్నది ‘హెల్’... అంటే నరకమే! 1995 ఓపెన్ పోటీల్లో మహా ఆటగాడు జాక్ నిక్లాస్ అందులోంచి బయటపడటానికి నాలుగు దెబ్బలు కొట్టాల్సొచ్చింది. 2000 సంవత్సరంలో టైగర్ వుడ్స్ మాత్రం నాలుగు రోజుల్లో ఒక్క బంకర్‌లోనూ పడకుండా గెలిచాడు.

చివరి హోల్‌లో స్విల్కన్ వాగు మీద ఓ చిన్న రాతి వంతెన వస్తుంది. నాలుగడుగులు వేస్తే దాటేయొచ్చు. గొర్రెల కాపరుల కోసం ఏడు వందల ఏళ్ల కిందట కట్టారంటారు. దాని మీద నిలబడి ఫొటో దిగకుండా ఎవరూ వెళ్లరు. 2022లో జరిగిన 150వ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ కన్నీళ్లతో ఈ వంతెన దాటాడు. ఆ తర్వాతి ఏడాది, నేల అరిగిపోతోందని వంతెన మొదట్లో రాళ్లు పరిస్తే అభిమానులు గగ్గోలు పెట్టారు. ‘ఇదేమన్నా పెరట్లో అరుగా’ అన్నట్టు విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే వాటిని తీసేశారు.

లాటరీలో పేరొస్తేనే

ఎవరైనా ఆడొచ్చు అన్నంత మాత్రాన వెళ్లగానే ఆడేయలేరు. ఏడాది ముందే బుక్ చేసుకునే అవకాశం కొంత ఉంటుంది. లేదంటే ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు పేర్లిస్తే లాటరీ తీస్తారు. పేరొస్తే పండగే. ఒంటరిగా వచ్చినవాళ్లు ఒకప్పుడు అర్ధరాత్రి నుంచే చలిలో వరుసకట్టేవారు. 2024 నుంచి వాళ్లకూ లాటరీ పెట్టారు. ఆట వచ్చినట్టు ‘హ్యాండీక్యాప్’ పత్రం చూపించాలి. వేసవిలో సందర్శకుడు ఒక్క ఆటకు కట్టాల్సింది మూడొందల పౌండ్ల పైమాటే!

ఊళ్లోవాళ్లకు ఆ బాధ లేదు. ఏడాదికోసారి నామమాత్రపు చందా కడితే చాలు. వాళ్లకంటూ ఆట వేళలు విడిగా కేటాయిస్తారు. బడిపంతులూ దుకాణదారూ సాయంత్రం పని ముగించుకుని, ప్రపంచ విజేతలు నడిచిన గడ్డి మీద ఆడుకుంటారన్నమాట.

అలాగని అంతా సాఫీగా ఏం లేదు. బయటి నుంచి వచ్చేవాళ్ల డబ్బుతోనే ఏడు కోర్సులూ నడుస్తాయి. వాళ్లు పెరిగేకొద్దీ ఊరివాళ్లకు దొరికే వేళలు తగ్గుతాయన్న బెంగ ఉంది. ఇళ్ల ధరలు పెరిగి, సొంత ఊళ్లోనే ఉండలేకపోతున్నామనే యువతా ఉంది. ఊరిదైన ఆస్తి ప్రపంచానికి ముద్దయితే ఊరికి మిగిలేదెంత? కుందేళ్ల కాలంలో కోర్టులో నడిచిన వాదం ఇప్పుడు సమావేశాల్లో నడుస్తోంది... అంతే తేడా.

ఆడవాళ్ల ‘హిమాలయాలు’

ఆట రాని కుటుంబాలు నిరాశపడక్కర్లేదు. ఓల్డ్ కోర్స్ పక్కనే ‘హిమాలయాస్’ ఉంది. పేరు చూసి మంచుకొండలనుకోవద్దు. ఎత్తుపల్లాలుగా ఉండే చిన్న పచ్చిక మైదానం. కర్రతో బంతిని మెల్లగా దొర్లిస్తూ హోల్‌లో వేయడమే ఇక్కడి ఆట. బంతి మిట్టలెక్కి దిగి ఎటు పోతుందో తెలియక నవ్వులే నవ్వులు. కొద్దిపాటి పౌండ్లిస్తే కర్రా బంతీ ఇస్తారు. నాయనమ్మా మనవడూ కలిసి ఆడేయొచ్చు.

దీని వెనకా ఓ కథ ఉంది. ఆడవాళ్లు చెయ్యి భుజం దాకా ఎత్తి బంతిని కొట్టడం మర్యాద కాదనుకునే రోజులవి. సరే, దొర్లించే ఆటే ఆడతామంటూ 1867లో మహిళలు ఇక్కడ సొంతంగా క్లబ్బు పెట్టుకున్నారు. అదిప్పటికీ నడుస్తోంది. ఎదురుగా ఉన్న పెద్ద భవనంలోని మగవాళ్ల క్లబ్బు మాత్రం మహిళల్ని సభ్యులుగా చేర్చుకోవడానికి 2014 దాకా ఆగింది. ఓల్డ్ కోర్స్‌లో 2007లో మొదటిసారి మహిళల ఓపెన్ జరిగితే మెక్సికో అమ్మాయి లొరేనా ఒచోవా గెలిచింది. 2024లో న్యూజిలాండ్‌కు చెందిన లిడియా కో ఆ ఘనత సాధించింది.

పిల్లలకు గోల్ఫ్ రుచి చూపించాలంటే తొమ్మిది హోల్స్ ఉండే బాల్‌గోవ్ కోర్సు ఉంది. నడిచే ఓపికుంటే ఊరికి ఆ చివరనున్న పాత చర్చి శిథిలాలకు వెళ్లాలి. అక్కడి సమాధుల్లో బంతి కొట్టబోతున్న ఓ యువకుడి శిల్పం కనిపిస్తుంది. ఓల్డ్ టామ్ కొడుకు, యంగ్ టామ్ మోరిస్. వరసగా నాలుగు ఓపెన్‌లు గెలిచిన కుర్రాడు. 1875లో కాన్పులో భార్యా బిడ్డా చనిపోయారు. కొద్ది నెలలకే, క్రిస్మస్ రోజున అతనూ పోయాడు. అప్పటికి వయసు ఇరవై నాలుగు. తండ్రి మాత్రం 1908 దాకా బతికాడు. ఇద్దరూ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నారు. సమాధి దగ్గర గోల్ఫ్ బంతులు పెట్టి వెళ్తుంటారు అభిమానులు.

నది దాటితే కార్నూస్టీ

సెయింట్ ఆండ్రూస్ ఒక్కటే కాదు, ఈ తీరంలో ప్రజల గోల్ఫ్ కోర్సులు ఇంకా ఉన్నాయి. ఉత్తరంగా టే నది వంతెన దాటితే డండీ నగరం. ఒకప్పుడు మన బెంగాల్ జనుముతో ప్రపంచానికి గోనెసంచులు నేసిచ్చిన ఊరది. అక్కడి నుంచి తీరం వెంబడి రైలెక్కితే కార్నూస్టీ వస్తుంది. ‘గోల్ఫ్ స్ట్రీట్’ పేరుతో ఏకంగా రైల్వేస్టేషనే ఉంది!

ఇక్కడి లింక్స్‌ను కూడా ఊరు భూస్వామి దగ్గర కొని ప్రజలకోసం నిలుపుకుంది. అందం కన్నా కాఠిన్యానికి పేరు ఈ కోర్సు. బ్యారీ బర్న్ అనే వాగు పాములా మెలికలు తిరుగుతూ చివరి హోల్స్‌లో పదేపదే అడ్డొస్తుంది. 1999 ఓపెన్‌లో ఫ్రెంచి ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ మూడు దెబ్బల ఆధిక్యంతో ఆఖరి హోల్‌కు వచ్చాడు. కప్పు చేతిలో ఉన్నట్టే అనుకున్నారంతా. బంతి వెళ్లి వాగులో పడింది. బూట్లూ సాక్సులూ విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగిన ఆయన్ని ప్రపంచమంతా టీవీల్లో చూసింది. చివరికి గెలుపు స్కాట్లాండ్‌కే చెందిన పాల్ లారీని వరించింది. ఆ వాగు దగ్గర నిలబడి ఆ కథ చెప్పుకోని సందర్శకులుండరు.

దక్షిణంగా ఎడిన్‌బరో వైపు వెళ్తే మజిల్‌బరో ఓల్డ్ లింక్స్. ఇక్కడ 1672లోనే గోల్ఫ్ ఆడినట్టు రాతపూర్వక ఆధారముంది. తొమ్మిది హోల్స్ కోర్సు... అదీ గుర్రప్పందేల మైదానం మధ్యలో! చేపలమ్మే ఆడవాళ్లు గోల్ఫ్ పోటీ పెట్టుకుంటే, గెలిచినామెకు కొత్త చేపలబుట్టా శాలువా ఇవ్వాలని 1810లో ఇక్కడి క్లబ్బు తీర్మానించింది. లోకమంతా వాడే 10.8 సెంటీమీటర్ల హోల్ కొలత కూడా ఇక్కడి పాత పనిముట్టుదే.

ఎడిన్‌బరో నడిబొడ్డున బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే పార్కుంది. చిన్నచిన్న హోల్స్. కర్ర మనదైతే ఆట ఉచితం. ఆఫీసు నుంచి వస్తూ చొక్కా చేతులు మడిచి ఆడుకునేవాళ్లు కనిపిస్తారు.

ఇక సముద్రంతోనే...

వ్యాపారుల నుంచి, అప్పుల నుంచి కాపాడుకున్న ఈ నేలకు ఇప్పుడు సముద్రంతో పోటీ. కార్నూస్టీకి ఉత్తరాన ఉన్న మాంట్రోజ్‌లో పదహారో శతాబ్దం నుంచీ గోల్ఫ్ ఆడుతున్నారు. అక్కడ అలలు ఇసుకదిబ్బల్ని కోసేయడంతో కొన్ని హోల్స్‌ను లోపలికి జరపాల్సి వచ్చింది. సెయింట్ ఆండ్రూస్‌లోనూ తీరం వెంట ఇసుకదిబ్బల్ని తిరిగి పెంచుతున్నారు. గడ్డి నాటడానికి స్వచ్ఛందంగా వచ్చేవాళ్లలో గోల్ఫ్ ఆడనివాళ్లూ ఉంటారు. ఆడినా ఆడకపోయినా నేల తమది కదా!

జూన్‌లో ఇక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది. ఆఖరి జట్టు వంతెన దాటి వస్తుంటే, కంచె పక్కన ఆగి చూసేవాళ్లు మంచి దెబ్బకు చప్పట్లు కొడతారు. అలా ఆగి చూడటానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. మర్నాడు ఆదివారమైతే అదే గడ్డి మీద పిల్లల బంతులు దొర్లుతాయి. పంటకు పనికిరాదని వదిలేసిన బీడును ఎవరికీ వదలకుండా పట్టుకున్న ఊరు... దానికి దక్కిన ఫలం అదే!

ఎలా వెళ్లాలంటే...

బ్రిటన్ వీసా తీసుకుని, విమానంలో ఎడిన్‌బరో చేరుకోవాలి. అక్కడి నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణిస్తే లూకర్స్ స్టేషన్ వస్తుంది. సెయింట్ ఆండ్రూస్‌కు సొంత స్టేషన్ లేదు. 1969లో ఆ లైను మూసేశారు. లూకర్స్ నుంచి బస్సుగానీ ట్యాక్సీగానీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో ఊళ్లో ఉంటారు. మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. వేసవైనా సరే స్వెట్టరూ వానకోటూ వెంట ఉండాల్సిందే. కోర్సంతా తిరిగి చూడాలనుకుంటే ఆదివారం అక్కడ ఉండేలా చూసుకోండి!